డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ వచ్చిందా? కంగారు పడకండి, ముందు ఆ లైన్ పూర్తిగా చదవండి

ఈ ఎపిసోడ్ టాపిక్ మీలో చాలామంది మెసేజ్‌లలో అడిగిందే. వెబ్‌సైట్ తయారుచేశారు, మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది, సర్వర్‌లో పెట్టగానే డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్. లేదంటే నెల రోజులు బాగానే నడిచి, ఓ రోజు పొద్దున్నే ఆగిపోయింది. అప్పుడు ఏ వరుసలో చూడాలి, ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు? ఈ మూడూ మాట్లాడుకుందాం. మూడోదాన్ని మాత్రం అస్సలు స్కిప్ చెయ్యకండి. ఎందుకో అక్కడికి వచ్చాక మీకే తెలుస్తుంది.

నాకు వచ్చే స్క్రీన్‌షాట్లలో ఎక్కువ భాగం సగానికి కత్తిరించి ఉంటాయి. "అన్నా, డీబీ కనెక్ట్ అవ్వట్లేదు" అని ఒక లైను, కింద ఎర్రటి అక్షరాల్లో సగం ఎర్రర్. నిజానికి మనకు కావాల్సిన సమాచారం ఆ కత్తిరించేసిన సగంలోనే ఉంటుంది. ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పేది ఒకటే మాట: మీ యాప్ డేటాబేస్ వైపు వెళ్తూ వెళ్తూ ఎంత దూరంలో ఆగిపోయిందో ఎర్రర్ మెసేజ్ చెప్తుంది. ఆ దూరం తెలిస్తే చూడాల్సిన చోట్లు పదిలోంచి రెండుకి తగ్గిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కాలేజీ కుర్రాళ్ల బ్యాచ్ రక్తదాతల వెబ్‌సైట్ పెట్టారనుకోండి. దాతల పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు అన్నీ డేటాబేస్‌లో ఉన్నాయి. రాత్రి రెండింటికి హాస్పిటల్ వరండాలో నిలబడి ఎవరో తమ ఫోన్‌లో ఆ సైట్ ఓపెన్ చేసి ఓ నెగటివ్ అని వెతుకుతారు. ఆ ఫోన్ నేరుగా డేటాబేస్‌తో మాట్లాడదు. ఫోన్ వెబ్ సర్వర్‌ని అడుగుతుంది, వెబ్ సర్వర్‌లో ఉన్న మన కోడ్ డేటాబేస్‌ని అడుగుతుంది. ఇందులో రెండో ముక్క, అంటే కోడ్ నుంచి డేటాబేస్ వరకు ఉన్న దారి తెగితే, సైట్ కనిపిస్తుంది గానీ దాతల లిస్టు రాదు. ఆ టైంలో ఆ లిస్టు రావడం ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ రెండో ముక్కను ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్లడంతో పోల్చుకోండి. ముందు అడ్రస్ దొరకాలి. తర్వాత గేటు దాకా చేరాలి. గేటు తియ్యడానికి ఎవరో ఒకరు ఉండాలి. వాచ్‌మన్ మీ పేరు రిజిస్టర్‌లో చూసి లోపలికి పంపాలి. మీరు చెప్పిన ఫ్లాట్ ఆ బిల్డింగ్‌లో ఉండాలి. చివరిగా లోపల నిలబడే చోటు ఉండాలి. డేటాబేస్ కనెక్షన్ కూడా ఇలాగే మెట్టు మెట్టుగా జరుగుతుంది. ఏ మెట్టు దగ్గర ఆగితే ఆ మెట్టుకు సంబంధించిన ఎర్రరే వస్తుంది. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి మెట్టు, అడ్రస్. "అన్‌నోన్ హోస్ట్" అనో, "హోస్ట్ నాట్ ఫౌండ్" అనో వచ్చిందంటే, మీరిచ్చిన సర్వర్ పేరుకి ఐపీ అడ్రస్ దొరకలేదని అర్థం. ఇక్కడ పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు. మనం ఇంకా ఆ వీధిలోకే వెళ్లలేదు కదా. పేరులో అక్షరం తప్పిందా, చివర స్పేస్ ఏమైనా వచ్చి చేరిందా, హోస్ట్ అని రాయాల్సిన చోట మొత్తం లింక్ పేస్ట్ చేశారా, ఇవి చూడండి. మోంగోడీబీ వాడేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. కనెక్షన్ స్ట్రింగ్‌లో పాస్‌వర్డ్ తర్వాత ఎట్ గుర్తు వస్తుంది, దాని తర్వాత హోస్ట్ పేరు ఉంటుంది. మీ పాస్‌వర్డ్‌లోనే ఎట్ గుర్తు ఉంటే ఏది పాస్‌వర్డో ఏది హోస్టో ప్రోగ్రామ్‌కి తేలదు. అప్పుడు పాస్‌వర్డ్‌లోని ఎట్ గుర్తు బదులు పర్సెంట్ గుర్తు పెట్టి పక్కన 40 అని రాయాలి.

రెండో మెట్టు దగ్గర రెండు ఎర్రర్లు ఉంటాయి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి "కనెక్షన్ రిఫ్యూజ్డ్", రెండోది "కనెక్షన్ టైమ్డ్ అవుట్". రెండింటికీ తేడా చాలా ఉంది. రిఫ్యూజ్డ్ అంటే మీరు ఆ మెషీన్ దాకా వెళ్లారు, అక్కడి నుంచి "ఇక్కడ ఎవరూ లేరు, వెళ్లు" అని జవాబు కూడా వచ్చింది. టైమ్డ్ అవుట్ అంటే అసలు జవాబే రాలేదు. మీరు పిలిచారు, ఎదురుచూశారు, విసిగిపోయి వెనక్కి వచ్చేశారు.

దీన్ని గుర్తుపట్టడానికి నేను వాడే చిన్న చిట్కా ఏంటంటే, ఎర్రర్ ఎంతసేపటికి వచ్చిందో చూడటం. బటన్ నొక్కగానే టక్కున వచ్చేస్తే చాలాసార్లు అది రిఫ్యూజ్డ్. పేజీ తిరిగీ తిరిగీ చాలాసేపటికి వస్తే అది టైమ్ అవుట్. మైఎస్‌క్యూఎల్‌లో 2003 నంబర్ ఎర్రర్ వచ్చినప్పుడు చివర ఇంకో నంబర్ కూడా ఉంటుంది. లినక్స్‌లో అది 111 అయితే రిఫ్యూజ్డ్, 110 అయితే టైమ్ అవుట్. విండోస్‌లో 10061 అయితే రిఫ్యూజ్డ్, 10060 అయితే టైమ్ అవుట్. స్క్రీన్‌షాట్‌లో అందరూ కత్తిరించేసేది సరిగ్గా ఈ నంబర్‌నే!

రిఫ్యూజ్డ్ అయితే చూడాల్సినవి మూడు. ఒకటి, డేటాబేస్ ప్రోగ్రామ్ అసలు నడుస్తోందా? రెండు, పోర్ట్ నంబర్ సరైనదేనా? మామూలుగా మైఎస్‌క్యూఎల్ 3306 మీద, పోస్ట్‌గ్రెస్ 5432 మీద, మోంగోడీబీ 27017 మీద ఉంటాయి. మూడు, డేటాబేస్ ఎవరికి జవాబిచ్చేలా సెట్ అయి ఉంది? పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు మామూలుగా తను ఉన్న మెషీన్ నుంచి వచ్చేవాళ్లకి మాత్రమే జవాబిస్తుంది. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసిన మైఎస్‌క్యూఎల్ కూడా అంతే. వెబ్ సర్వర్ ఒక మెషీన్‌లో, డేటాబేస్ ఇంకో మెషీన్‌లో ఉంటే బయటి నుంచి వచ్చే పిలుపుకి రిఫ్యూజ్డ్ అనే జవాబు వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో బైండ్ అడ్రస్, పోస్ట్‌గ్రెస్‌లో లిజన్ అడ్రసెస్ అనే సెట్టింగ్ చూడాలి.

ఇక్కడే "లోకల్‌హోస్ట్" గురించి కూడా చెప్పాలి. లోకల్‌హోస్ట్ అంటే "నేను ఉన్న మెషీన్" అని అర్థం. ఎవరు అంటున్నారో దాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో కోడ్ రన్ అవుతుంటే అది మీ ల్యాప్‌టాప్. అదే కోడ్ డాకర్ కంటైనర్‌లోకి వెళ్తే లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనర్ మాత్రమే, అందులో డేటాబేస్ లేదు. డాకర్ కంపోజ్ వాడుతుంటే హోస్ట్ దగ్గర డేటాబేస్ సర్వీస్ పేరు రాయాలి. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో యాప్ టెస్ట్ చేస్తుంటే లోకల్‌హోస్ట్ అంటే ఆ ఎమ్యులేటరే. మీ కంప్యూటర్‌లో ఉన్న ఏపీఐని చేరాలంటే 10.0.2.2 అని ఇవ్వాలి.

ఇంకో రెండు వింతలు ఉన్నాయి. లినక్స్‌లో మైఎస్‌క్యూఎల్‌కి లోకల్‌హోస్ట్ అని ఇస్తే అది మామూలుగా నెట్‌వర్క్ మీద కాకుండా సాకెట్ అనే ఒక ఫైల్ ద్వారా వెళ్తుంది. 127.0.0.1 అని ఇస్తే నెట్‌వర్క్ దారిలో వెళ్తుంది. అందుకే ఒకటి పనిచేసి ఇంకోటి పనిచెయ్యకపోవచ్చు. 2002 నంబర్ ఎర్రర్‌లో సాకెట్ అనే మాట కనిపిస్తే ఈ విషయం గుర్తుతెచ్చుకోండి. రెండోది నోడ్ వాడేవాళ్లకి. నోడ్ 17 నుంచి లోకల్‌హోస్ట్ అంటే ఐపీవీ6 అడ్రస్ ముందు రావచ్చు. మీ డేటాబేస్ ఐపీవీ4 మీద మాత్రమే వింటుంటే రిఫ్యూజ్డ్ అంటుంది. ఎర్రర్‌లో రెండు కోలన్లు, పక్కన 1 కనిపిస్తే అదే సంగతి. లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1 పెట్టి చూడండి.

ఇక టైమ్ అవుట్. ఇది వచ్చిందంటే దారిలో ఎవరో ఆపుతున్నారు, లేదా ఆ అడ్రస్‌లో మెషీనే లేదు. ఎక్కువసార్లు కారణం ఫైర్‌వాల్. క్లౌడ్‌లో అయితే సెక్యూరిటీ గ్రూప్ లేదా అనుమతించిన ఐపీల లిస్టు. ఫైర్‌వాల్ చాలాసార్లు "రావద్దు" అని చెప్పదు, మీ పిలుపుని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. అందుకే అంతసేపు ఎదురుచూడటం.

స్టూడెంట్స్‌కి ఇది ఎలా తగులుతుందో చూడండి. ఇంట్లో వైఫై మీద ప్రాజెక్ట్ బాగా నడుస్తుంది, కాలేజీ ల్యాబ్‌కి వెళ్లి ఎగ్జామినర్ ముందు ఓపెన్ చేస్తే కనెక్ట్ అవ్వదు. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారింది మీ ఐపీ అడ్రస్. డేటాబేస్ దగ్గర మీ ఇంటి ఐపీకి మాత్రమే అనుమతి ఉంది. ఇంకో అవకాశం కూడా ఉంది. కాలేజీ నెట్‌వర్క్ 27017 లాంటి పోర్టులను బయటికి పోనివ్వకపోవచ్చు. ఏది కారణమో తేల్చడానికి మీ జేబులోనే పరికరం ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఆ ఐపీని లిస్టులో చేర్చి ప్రయత్నించండి. హాట్‌స్పాట్ మీద నడిచి, ల్యాబ్ ఐపీని లిస్టులో చేర్చాక కూడా ల్యాబ్ నెట్ మీద నడవకపోతే, తప్పు మీ కోడ్‌ది కాదని తేలిపోతుంది.

ఒక జాగ్రత్త. పింగ్ రావట్లేదు కాబట్టి సర్వర్ లేదు అని తీర్మానించకండి. చాలా సర్వర్లు పింగ్‌కి జవాబివ్వకుండా ఆపేసి ఉంచుతాయి, డేటాబేస్ మాత్రం బాగానే పనిచేస్తుంటుంది. పరీక్షించాల్సింది పోర్ట్‌ని. లినక్స్‌లో నెట్‌క్యాట్ లేదా టెల్‌నెట్, విండోస్ పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్ అనే కమాండ్ వాడండి. ఈ పరీక్ష మీ ల్యాప్‌టాప్ నుంచి కాదు, యాప్ ఎక్కడ నడుస్తుందో ఆ సర్వర్ నుంచి చెయ్యాలి. మీ ఇంటి నుంచి దారి బాగుంటే సర్వర్ నుంచి కూడా బాగున్నట్టు కాదు కదా. దగ్గర ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌లో టెర్మక్స్ లాంటి యాప్ నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి కూడా చూడొచ్చు.

మూడో మెట్టు, వాచ్‌మన్. "యాక్సెస్ డినైడ్" అని వచ్చిందంటే ఒక రకంగా సంతోషించండి. అడ్రస్ సరిగ్గానే ఉంది, దారి తెరిచే ఉంది, డేటాబేస్ నడుస్తోంది, మీతో మాట్లాడింది కూడా. ఫైర్‌వాల్ జోలికి వెళ్లాల్సిన పని లేదు. మైఎస్‌క్యూఎల్‌లో దీని నంబర్ 1045. ఆ లైన్ చివర "యూజింగ్ పాస్‌వర్డ్" అని ఉండి పక్కన యెస్ లేదా నో అని ఉంటుంది. అది బంగారం లాంటి క్లూ. నో అని ఉంటే మీ యాప్ అసలు పాస్‌వర్డే పంపలేదు. అంటే పాస్‌వర్డ్ తప్పు కాదు, సెట్టింగ్స్ ఫైల్ చదవలేదు. డాట్ ఎన్వీ ఫైల్ సర్వర్‌లోకి రాలేదేమో చూడండి. గిట్ ఇగ్నోర్‌లో ఉంటుంది కాబట్టి కోడ్‌తో పాటు అది రాదు, రాకూడదు కూడా. సర్వర్‌లో విడిగా పెట్టాలి. లారావెల్ వాడేవాళ్లు ఆ ఫైల్ మార్చాక కాన్ఫిగ్ క్యాష్ క్లియర్ చెయ్యకపోతే పాత విలువలే వాడుతూ ఉంటుంది.

యెస్ అని ఉంటే పాస్‌వర్డ్ వెళ్లింది గానీ కుదరలేదు. ఇక్కడ యూజర్ పేరు పక్కన ఎట్ గుర్తు తర్వాత ఏముందో చూడండి. మీరు ఎక్కడి నుంచి వచ్చినట్టు డేటాబేస్‌కి కనిపిస్తోందో అక్కడ రాసి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఒకే పేరు ఉన్నా, లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే యూజర్ వేరు, ఇంకో ఐపీ నుంచి వచ్చే యూజర్ వేరు. వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేరుతో పాటు "ఎక్కడి నుంచి" అనే గడి కూడా ఉందనుకోండి. పేరు, పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా ఆ గడి కుదరకపోతే లోపలికి పంపడు. పోస్ట్‌గ్రెస్‌లో ఇలాంటి రిజిస్టరే పీజీ హెచ్‌బీఏ అనే ఫైల్. అందులో మీకు ఎంట్రీ లేదని ఎర్రర్ వస్తే ఆ ఫైల్‌లో మీ ఐపీకి ఒక లైన్ చేర్చి, సెట్టింగ్స్ రీలోడ్ చెయ్యాలి.

నాలుగో మెట్టు, ఫ్లాట్. 1049 నంబర్‌తో "అన్‌నోన్ డేటాబేస్" అంటే బిల్డింగ్‌లోకి వచ్చేశారు, మీరు చెప్పిన పేరుతో డేటాబేస్ లేదు. కొన్ని హోస్టింగ్ సర్వీసుల్లో డేటాబేస్ పేరు ముందు మీ అకౌంట్ పేరు కూడా వచ్చి చేరుతుంది, దాన్ని కలిపి రాయాలి. 1044 వస్తే డేటాబేస్ మీద ఆ యూజర్‌కి హక్కు ఇవ్వలేదని అర్థం. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకి ఈ వివరాలేవీ కనిపించవు, "ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్" అని ఒక్క లైనే వస్తుంది. అప్పుడు డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్, హోస్ట్ అనే నాలుగూ తీసుకుని, అవే వివరాలతో సర్వర్ నుంచి నేరుగా డేటాబేస్‌లోకి లాగిన్ అవ్వండి. అసలు ఎర్రర్ అక్కడ కనిపిస్తుంది.

ఐదో మెట్టు, చోటు. ఇది సైట్ బాగా నడిచి, నలుగురూ వాడటం మొదలుపెట్టాక వచ్చే సమస్య. "టూ మెనీ కనెక్షన్స్", నంబర్ 1040. పోస్ట్‌గ్రెస్ అయితే "టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఒకేసారి ఉండగలిగే కనెక్షన్లు, మీరేమీ మార్చకపోతే, 151. పోస్ట్‌గ్రెస్‌లో 100, అందులో 3 అడ్మిన్ కోసం పక్కన పెట్టి ఉంచుతుంది. ఇప్పుడు చిన్న లెక్క. మీ యాప్‌లో ఒక్కో కాపీ 10 కనెక్షన్ల పూల్ పెట్టుకుంటుంది. చాలా లైబ్రరీల్లో మామూలుగా ఉండేది ఈ 10. రద్దీ పెరిగిందని యాప్‌ని 12 కాపీలు చేశారు. పన్నెండు పదులు నూట ఇరవై. పోస్ట్‌గ్రెస్ దగ్గర ఉన్నవి 97. అంటే సైట్‌ని వేగం చేద్దామని కాపీలు పెంచితే, ఆ పెంచడమే సైట్‌ని పడేసింది. కాపీలు పెంచే ముందు ఈ గుణకారం చేసుకోండి.

జనం పెద్దగా లేకపోయినా కనెక్షన్లు అయిపోతున్నాయంటే అది లీక్. కోడ్ కనెక్షన్ తీసుకుంటోంది, పని అయ్యాక తిరిగి ఇవ్వట్లేదు. ముఖ్యంగా మధ్యలో ఎర్రర్ వచ్చినప్పుడు తిరిగి ఇచ్చే లైన్ దాకా కోడ్ చేరదు. దీని లక్షణం చెప్తాను వినండి. రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది, మళ్లీ కొన్ని గంటలకు అదే ఎర్రర్. మైఎస్‌క్యూఎల్‌లో షో ప్రాసెస్‌లిస్ట్ అని కొడితే స్లీప్ అని వరసగా కనిపిస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ చూస్తే ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని ఉంటాయి. పరిమితి 151 నుంచి 500 చేస్తే లీక్ పోదు, కారే కుండకి ఇంకాస్త నీళ్లు పోసినట్టే. పైగా ఒక్కో కనెక్షన్‌కి మెమరీ కావాలి కాబట్టి చిన్న సర్వర్ అయితే అదే కూలిపోతుంది. ఏ దారిలో వెళ్లినా కనెక్షన్ తిరిగి ఇచ్చేలా కోడ్‌లో ఫైనల్లీ బ్లాక్ పెట్టడమే అసలు మందు.

ఇంకో తమాషా ఎర్రర్ ఉంది. రాత్రంతా ఎవరూ వాడరు, పొద్దున్న మొదటి మనిషికి ఎర్రర్, రెండోసారి రిఫ్రెష్ చేస్తే బాగానే ఉంటుంది. 2006 నంబర్, "మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే". ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని మైఎస్‌క్యూఎల్ మామూలుగా 28800 సెకన్ల తర్వాత, అంటే 8 గంటలకి మూసేస్తుంది. మన పూల్‌కి ఆ విషయం తెలియదు, పొద్దున్న ఆ చచ్చిపోయిన కనెక్షన్‌నే తీసి వాడుతుంది. పూల్ సెట్టింగ్స్‌లో ఒక కనెక్షన్ గరిష్ఠంగా ఎంతసేపు ఉండాలో ఆ 8 గంటల కంటే తక్కువ పెడితే చాలు. మన రక్తదాతల సైట్ లాంటి వాటికి ఇది మరీ ముఖ్యం. చాలాసేపు ఎవరూ తెరవని సైట్ అది, తెరిచినవాళ్లకి మాత్రం అప్పుడే కావాలి.

మరి నెల రోజులు నడిచి ఒక్కసారిగా "రిఫ్యూజ్డ్" అంటే? డేటాబేస్ ఆగిపోయి ఉండొచ్చు. రీస్టార్ట్ బటన్ మీద వేలు పెట్టే ముందు రెండు నిమిషాలు ఆగండి. రీస్టార్ట్ చేస్తే ఆధారాలు కొన్ని పోతాయి. ముందు డిస్క్ ఎంత నిండిందో, మెమరీ ఎంత ఉందో, లాగ్‌లో చివరి లైన్లు ఏంటో చూసి కాపీ చేసి పెట్టుకోండి. 1 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్లలో మెమరీ అయిపోతే లినక్స్ ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ని చంపేస్తుంది. అది చాలాసార్లు డేటాబేసే అవుతుంది. సిస్టమ్ లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అనే లైన్ దొరికితే దొంగ దొరికినట్టే. స్వాప్ పెట్టడం, వెబ్ సర్వర్ వర్కర్లు తగ్గించడం లాంటివి చెయ్యాలి.

డిస్క్ నిండితే ఏం నింపిందో చూడండి. పాత బ్యాకప్‌లు, లాగ్‌లు, మైఎస్‌క్యూఎల్ 8 అయితే బైనరీ లాగ్‌లు. మీరు మార్చకపోతే అవి 30 రోజులు అలాగే ఉంటాయి. కానీ డేటాబేస్ ఫోల్డర్‌లోకి వెళ్లి మీకు పెద్దగా కనిపించిన ఫైల్‌ని చేత్తో డిలీట్ చెయ్యకండి. అది దాతల లిస్టే అయి ఉండొచ్చు. బైనరీ లాగ్‌లు తియ్యడానికి డేటాబేస్‌లోనే పర్జ్ కమాండ్ ఉంది, అది వాడండి.

ఇప్పుడు మొదట్లో స్కిప్ చెయ్యొద్దని చెప్పిన విషయానికి వద్దాం. ఏం చెయ్యకూడదు? కనెక్ట్ అవ్వట్లేదని ఇంటర్నెట్‌లో వెతికితే చాలా చోట్ల ఒకే సలహా కనిపిస్తుంది. అనుమతించే ఐపీల దగ్గర 0.0.0.0/0 పెట్టు, రూట్ యూజర్‌కి అన్ని చోట్ల నుంచీ అనుమతి ఇచ్చెయ్, పాస్‌వర్డ్ తీసెయ్, ఫైర్‌వాల్ ఆపెయ్. చేస్తే ఎర్రర్ పోవచ్చు కూడా. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటే ఎలకలు కూడా పోతాయి! 0.0.0.0/0 అంటే ప్రపంచంలో ఎవరైనా రావచ్చు అని అర్థం. తెరిచి ఉన్న డేటాబేస్ పోర్టుల కోసం పగలూ రాత్రీ వెతికే ప్రోగ్రామ్‌లు ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంటాయి. వాటికి మీది చిన్న కాలేజీ ప్రాజెక్టా, పెద్ద కంపెనీయా అన్న తేడా లేదు.

ఇది భయపెట్టడానికి చెప్తున్నది కాదు. 2017 జనవరిలో జరిగిందే చూడండి. పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన వేలాది మోంగోడీబీ డేటాబేస్‌లలోకి దుండగులు వెళ్లి, ఉన్న డేటా తుడిచేసి, డబ్బు పంపితే ఇస్తామని బిట్‌కాయిన్ అడుగుతూ నోట్ వదిలి వెళ్లారు. వాళ్లు తాళాలు పగలగొట్టలేదు. తలుపులు తీసే ఉన్నాయి. ఆ ఏడాదే వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మోంగోడీబీ మొదట్లో సొంత మెషీన్‌కి మాత్రమే జవాబిచ్చేలా వస్తోంది. ఆ రక్షణని ఒక్క ఎర్రర్ కోసం మనమే తీసెయ్యడం న్యాయమా?

మన ఉదాహరణలో పోయేది ఏంటో ఆలోచించండి. మంచి పని చేద్దామని నమ్మకంతో తమ ఫోన్ నంబర్ ఇచ్చిన వందల మంది. అందులో అమ్మాయిల నంబర్లు, ఊళ్ల పేర్లు కూడా ఉంటాయి. డేటా పోతే బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. బయటికి పోయిన ఫోన్ నంబర్‌ని వెనక్కి తెచ్చే కమాండ్ ఏదీ లేదు. అందుకే అనుమతి ఇచ్చేటప్పుడు సర్వర్ ఐపీ ఒక్కదానికే ఇవ్వండి. రూట్ కాకుండా, ఆ ఒక్క డేటాబేస్ మీదే హక్కు ఉన్న వేరే యూజర్‌ని తయారుచేసి యాప్‌కి ఇవ్వండి. మీ ల్యాప్‌టాప్ నుంచి చూడాల్సి వస్తే ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ వాడండి, పోర్ట్ తెరవక్కర్లేదు.

ఇంకో మూడు జాగ్రత్తలు. డేటాబేస్ పాస్‌వర్డ్‌ని మొబైల్ యాప్ లోపల పెట్టకండి, ఏపీకే ఫైల్ విప్పితే బయటికి వచ్చేస్తుంది. గిట్‌హబ్‌లో పొరపాటున పాస్‌వర్డ్ పెట్టేస్తే, తర్వాత డిలీట్ చేస్తే సరిపోదు, పాత హిస్టరీలో అలాగే ఉంటుంది. పాస్‌వర్డే మార్చాలి. ఇక మూడోది, అసలు ఎర్రర్‌ని లాగ్‌లో రాయించండి, జనానికి చూపించకండి. అందులో యూజర్ పేరు, హోస్ట్ పేరు ఉంటాయి. జనానికి "ప్రస్తుతం వివరాలు అందట్లేదు, కాసేపట్లో ప్రయత్నించండి" అని తెలుగులో ఒక మాట చాలు. రక్తదాతల సైట్ అయితే దగ్గర్లోని బ్లడ్ బ్యాంక్ నంబర్ ఒకటి ఆ పేజీలోనే రాసిపెట్టండి. డేటాబేస్ లేకపోయినా ఆ పేజీ ఓపెన్ అవుతుంది. నన్నడిగితే ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే తేలికైన పని, అన్నిటికంటే ఉపయోగపడే పని ఇదే.

బ్యాకప్ సంగతి కూడా ఈ రోజే చూసుకోండి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే ఏం లాభం? బ్యాకప్ తియ్యడమే కాదు, ఒకసారి దాన్ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి చూడండి. ఎక్కితేనే అది బ్యాకప్.

మొత్తం మళ్లీ ఒకసారి చెప్తాను, కావాలంటే ఇక్కడ స్క్రీన్‌షాట్ తీసుకోండి. హోస్ట్ దొరకలేదంటే అడ్రస్ చూడండి. రిఫ్యూజ్డ్ అంటే డేటాబేస్ నడుస్తోందా, పోర్ట్ ఏది అని చూడండి. టైమ్ అవుట్ అంటే ఫైర్‌వాల్, అనుమతించిన ఐపీలు చూడండి. యాక్సెస్ డినైడ్ అంటే యూజర్, పాస్‌వర్డ్, ఎక్కడి నుంచి వస్తున్నారు అన్నది చూడండి. అన్‌నోన్ డేటాబేస్ అంటే పేరు చూడండి. టూ మెనీ కనెక్షన్స్ అంటే లెక్క చూడండి, లీక్ చూడండి. ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చింది పనిచెయ్యకపోతే దాన్ని మళ్లీ వెనక్కి పెట్టేసి తర్వాతది మార్చండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఏ తలుపు తెరిచి వదిలేశామో అంతకన్నా తెలియదు.

ఇక మీకు వచ్చిన ఎర్రర్ ఏదైనా ఉంటే పంపండి. ఈసారి కత్తిరించకుండా మొత్తం లైన్ పంపండి, పాస్‌వర్డ్ ఒక్కటి మాత్రం చెరిపెయ్యండి. మీ ఫ్రెండ్స్‌లో ప్రాజెక్ట్ రివ్యూ దగ్గర పడ్డవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి ఈ ఎపిసోడ్ షేర్ చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కనెక్షన్ పూల్‌ని కోడ్‌లో ఎలా రాయాలో లైన్ లైన్‌గా చూద్దాం.